పగ్గము పట్టిన చేయి

ఉదయమున పెంపుడు కుక్కను వెంటబెట్టుకొని వీధిలో నడచు గృహస్థులు నేడు పట్టణములలోనే కాక చిన్న ఊళ్లలోను కానవచ్చుచున్నారు. ఎదురుగా వచ్చువారు జంకి ప్రక్కకు తొలగినచో, ‘భయపడకండి, మా కుక్క ఏమీ చేయదు’ అని యజమాని పలుకుట పరిపాటి. ఆ మాట మేమును పెక్కుసారులు పలికితిమి. అందలి లోపము ఒకనాడు మాకు తెలిసివచ్చినది.

మా కుక్క సాధువు. ఆనాడు వీధి మలుపున పిల్లిని చూచి ఒక్కుమ్మడి దుమికినది. పగ్గము చివరనున్న కొక్కెము అరిగియుండుట మేము గమనింపలేదు; అది ఊడిపోయినది. పాలచెంబుతో వచ్చుచున్న వృద్ధురాలొకామె, కుక్క తన మీదికే వచ్చుచున్నదని బెదరి, వెనుకకు అడుగువేసి పడిపోయినది. మణికట్టు విరిగినది. కుక్క ఆమెను తాకనైనను లేదు. అయినను, ‘ఏమీ చేయలేదు’ అని ఆమెతో అనుటకు మాకు నోరు రాలేదు.

కుక్క గుణము యజమానికి తెలియును; దారిన పోవువారికి ఎట్లు తెలియును? వారికి కనబడు హామీ పగ్గమొక్కటియే. కావున దానిని అందము చూచి కాక, బలము చూచి కొనవలెను.

పగ్గము నాలుగు మొదలు ఆరడుగుల పొడవుండిన చాలును. వెడల్పైన తోలుపట్టీ గాని, దట్టముగా నేసిన నైలాను పట్టీ గాని మేలు. ఇనుప గొలుసు బరువైనది. పట్టుకొన్న చేతిని ఒరయును. మీట నొక్కగా సాగు సన్నని త్రాటి పగ్గము సందడిగల వీధికి తగదు; కుక్క దూరము పోయిన పిదప ఆపుట కష్టము, ఆ త్రాడు చర్మమును కోయును. మెడపట్టెడకును మెడకును నడుమ రెండు వ్రేళ్లు దూరవలెను. వదులైనచో తల జారును, బిగువైనచో ఊపిరికి అడ్డగును. బలముగా లాగు కుక్కకు ఛాతీని చుట్టివచ్చు పట్టీలు తొడుగుట మంచిది. బయలుదేరుటకు ముందు ప్రతిదినము కొక్కెమును, కుట్లను చేతితో లాగి చూడవలెను.

పగ్గమును చేతికి గాని వ్రేళ్లకు గాని చుట్టుకొనరాదు. కుక్క ఒక్క ఊపున లాగినచో వ్రేళ్లు విరుగవచ్చును. పెద్ద కుక్కను పసివాని చేతికి అప్పగింపరాదు. ఎవరైన ఎదురైనపుడు పగ్గమును కురుచచేసి, కుక్కకును వారికిని నడుమ మనము నిలువవలెను. వీధికుక్కలు గుమిగూడినచో అదలింపక, పరుగెత్తక, మెల్లగా దారి మార్చుకొనవలెను. మిట్టమధ్యాహ్నము తారురోడ్డుపై నడిపించినచో కుక్క పాదములు కాలును.

చట్టమును ఈ బాధ్యతను గుర్తించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ననుసరించి, తన జంతువువలన మనుష్యుల ప్రాణమునకు అపాయము గాని, తీవ్రమైన గాయము గాని కలుగకుండ తగిన జాగ్రత్త తీసికొననివారికి 6 నెలల వరకు ఖైదు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. అట్లని కుక్కను నిరంతరము కట్టివేయుటయు న్యాయము కాదు. మరీ పొట్టిదియో బరువైనదియో అగు గొలుసుతో అకారణముగా చాలసేపు బంధించుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరము.

కాటు పడినచో పసుపు, సున్నము, కారము పూయుచు కాలము గడుపరాదు. గాయమును ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడిగి, ఆనాడే వైద్యుని చూడవలెను. రేబిస్ లక్షణములు బయటపడిన పిదప ప్రాణము నిలుచుట అత్యంత అరుదు. సకాలమున టీకాలు తీసికొన్నచో దానిని నివారింపవచ్చును. పెంపుడు కుక్కకును పశువైద్యుని సలహా ప్రకారము ఏటేట టీకా తప్పనిసరి.

ఆ వృద్ధురాలి చేయి కొన్ని నెలలకు కుదిరినది. ఇప్పుడు ఆమె ఎదురైనపుడు మేము ఆగి, పగ్గమును దగ్గరకు తీసికొని, కుక్కను గోడవైపునకు త్రిప్పుకొందుము. ఆమె సాగిపోయిన తరువాతనే మేము కదలుదుము. ‘మా కుక్క ఏమీ చేయదు’ అని మాత్రము ఇప్పుడు ఎవరితోను అనము.