చేనంతా ఒకే పంట అయితే
(సమాఖ్య వార్షిక మహాసభలో చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు నివేదికలో ఎలాగూ ఉన్నాయి. మేము చేను గురించి మాట్లాడతాము. ఎందుకంటే మన సంఘం కంతు చాలావరకు చేని మీదనే నడుస్తుంది. పంట పోయిన ఏడు ఆ కంతు కట్టడానికి బయట వడ్డీకి తెచ్చుకోవడం మనలో చాలామందికి తెలిసిన కష్టమే.

చిత్తూరు పడమటి మండలాల్లో వానాధారం సేద్యం అంటే చెనక్కాయే. మన అమ్మల కాలంలోనూ చెనక్కాయ ఉండేది గానీ ఒంటరిగా ఉండేది కాదు. సాళ్ల మధ్య కంది, అనుములు, అలసందలు, గట్టు వెంబడి జొన్న, సజ్జ, ఆముదం వేసేవారు. సంగటికి రాగులు, పితికిపప్పుకు అనపకాయలు ఇంటివే. ధర చూసి చేనంతా చెనక్కాయ వేసుకున్నాము. అందులో తప్పు పట్టాల్సింది లేదు, దాంతో పిల్లల ఫీజులు కట్టుకున్నాము. కాకపోతే అప్పటి నుంచి కందిపప్పు అంగట్లో కొంటున్నాము.

ఊడలు దిగే సమయంలో ఇరవై రోజులు వాన లేకపోతే చెనక్కాయకు కాయ పట్టదు. అది ఒక్క చేనికి కాదు, ఊరంతటికీ ఒకేసారి. చేబదులు అడగడానికి పక్కింట్లో కూడా ఏమీ ఉండదు. అదే చేనిలో కంది సాలు ఉంటే, దాని వేరు లోతుకు పోతుంది, ఆలస్యంగా పడిన వానకైనా కాస్తుంది.

పురుగూ తెగులూ అంతే. 2000లో పక్కనున్న అనంతపురం జిల్లాలో కాండం కుళ్లు వైరస్ తెగులు వచ్చి సుమారు 2,25,000 హెక్టార్ల చెనక్కాయ దెబ్బతింది. నష్టం 300 కోట్ల రూపాయలకు పైనే అని లెక్క కట్టారు. ఆ వైరస్ వయ్యారిభామ పూల పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు దాన్ని ఆకు మీదికి చేరుస్తాయి. శాస్త్రవేత్తలు ఏం చెప్పారు? గట్ల మీద వయ్యారిభామ పీకెయ్యండి, చేను చుట్టూ నాలుగు సాళ్లు జొన్నో సజ్జో వెయ్యండి, అది అడ్డుగోడలా నిలబడుతుంది అన్నారు. మన అవ్వలు వేసిన గట్టు పంటే కదమ్మా అది!

వానే కాదు, ధర కూడా ఊరిని ఒకేసారి కొడుతుంది. 2025లో తోతాపురి మామిడి సంగతి చూశాం. గుజ్జు ఫ్యాక్టరీలు తప్ప ఆ కాయను అంతగా కొనేవారు లేరు. ధర పడిపోతే కిలోకు 8 రూపాయలు ఫ్యాక్టరీ, 4 రూపాయలు ప్రభుత్వం ఇవ్వాలని నిర్ణయించాల్సి వచ్చింది. పెంచుకున్న చెట్టును పెరికెయ్యలేం. కానీ లేత తోటలో చెట్ల మధ్య ఉలవలు, అలసందలు చల్లుకోవచ్చు. నేలకు నీడ, పశువుకు మేత, ఇంటికి గింజ.

ఇక ప్రకృతి వ్యవసాయం. ఇది మనకు కొత్త మాట కాదు. 2004 ప్రాంతంలో పురుగుమందులు లేని సేద్యాన్ని ఊళ్లకు తెచ్చింది మహిళా సమాఖ్యలే. 2016 నుంచి రైతు సాధికార సంస్థ దీన్ని రాష్ట్రమంతా నడిపిస్తోంది. పద్ధతి ఇంతే: 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, మందు పడని గట్టు మన్ను పిడికెడు. నీడలో రెండు రోజులు ఉంచి, పొద్దున సాయంత్రం కలియబెట్టాలి. ఎకరానికి సరిపోయే జీవామృతం ఇది. వారంలోగా వాడెయ్యాలి.

కలియబెట్టే పని ఆడవాళ్లకే అంటగడుతున్నారని కొందరు అక్కలు అంటారు. న్యాయమైన మాట. పట్టా మగవాళ్ల పేరున ఉన్నప్పుడు డ్రమ్ము దగ్గర పని కూడా ఇద్దరిదీ కావాలి. ఇంకో మాట: మొదటి ఏడే దిగుబడి పెరుగుతుందని మేము చెప్పము. ఎరువు, మందు ఖర్చు తగ్గుతుంది, నేల మెల్లగా కోలుకుంటుంది. అందుకే అరెకరంతో మొదలుపెట్టండి. చేనిలో చెనక్కాయ ఒక్కటే ఉంచి జీవామృతం మాత్రం పోస్తే సగం పనే అయినట్టు. పంటలు కలవాలి.

ఎండాకాలంలో నవధాన్యాలు చల్లే పద్ధతి దీనికే. విత్తనానికి బంకమన్ను, ఘనజీవామృతం, బూడిద పట్టించి ఆరబెట్టి, వానకు ముందే పొడి దుక్కిలో చల్లుతారు. చినుకు పడగానే మొలుస్తాయి. వేసవిలో బోడిగా ఎండిపోయే నేల పచ్చగా ఉంటుంది.

విత్తనం కొనాల్సిన పని లేకుండా మనలోనే కూడుతుందా అన్నది చూడాలి. వచ్చే నెల గ్రామ సమాఖ్య సమావేశానికి ఎవరింట్లో అనుములు, కొర్రలు, ఉలవలు, నాటు కంది ఉన్నాయో వాళ్లు దోసెడు తీసుకురండి. పుస్తకంలో ఏ గింజ, ఎవరిది, ఎంత అని రాసుకుందాం. పొదుపు రాసుకున్నట్టే.