బల్ల మీద కథ, యంత్రంలో జ్ఞాపకం



నలుగురైదుగురు స్నేహితులు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు సూత్రధారి. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర. "గుహ ముందర నిలబడ్డారు. లోపలి నుంచి నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. ఏం చేస్తారు?" అని సూత్రధారి అడుగుతాడు. ఒకబ్బాయి దివిటీ వెలిగిస్తానంటాడు, ఒకమ్మాయి వద్దంటుంది. అగాధం దాటగలిగారా, తాళం తెరుచుకుందా అన్నది పాచిక తేలుస్తుంది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అచ్చయిన తర్వాత ఈ రకం ఆటలు ప్రపంచమంతా పాకాయి. వీటిని రోల్ ప్లేయింగ్ గేమ్స్ అంటున్నారు. మనం పాత్రపోషణ ఆటలు అందాం.

ఈ ఆట ఒక్క సాయంత్రంతో ముగియదు. హరికథ రోజుకింత చొప్పున చెప్పినట్టు వారానికొకసారి, నెలల తరబడి సాగుతుంది. ఇలా సాగే కథనే క్యాంపెయిన్ అంటారు. మూడో వారం ఒక పడవవాడికి ఇచ్చిన మాట ఇరవయ్యో వారంలో అక్కరకొస్తుంది. అప్పటికి ఆ పడవవాడి పేరు ఎవరికి గుర్తుంటుంది? కంప్యూటర్, ఫోన్ అవసరపడేది ఇక్కడే. సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న "ఏది అందంగా ఉంది?" అన్నది కాదు. "మా కథ ఏం గుర్తుపెట్టుకోవాలి? ఆ జ్ఞాపకం ఎవరి చేతిలో ఉంటుంది?" అన్నది. ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఉదాహరణకు అండమాన్‌లోని మిడిల్ పాయింట్‌కు వెళదాం. పోర్ట్ బ్లెయిర్ నగరంలో అదొక పేట. ఆ నగరానికి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల్లో ప్రతి వందమందిలో దాదాపు 13 మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, హిందీ, తమిళం మాట్లాడేవాళ్లు అంతకంటే ఎక్కువ. కాబట్టి మిడిల్ పాయింట్‌లో ఐదుగురు సహాధ్యాయులు ఆటకు కూర్చున్నారనుకుంటే, ఆ బల్ల దగ్గర నాలుగు భాషలు ఉండటం వింతేమీ కాదు. పై ఏడాది వాళ్లలో ఒకరు చదువు కోసం విశాఖపట్నం వెళ్లిపోతారనుకోండి. ఓడ మీద రెండు మూడు రోజుల ప్రయాణం. అప్పుడు కథ ఆగిపోవాలా? మంచి సాధనానికి ఇంతకంటే గట్టి పరీక్ష నాకు తోచలేదు. అందుకే ఈ ఊరిని ఎంచుకున్నాను.

మొదట నెట్ సంగతి చూద్దాం. చాలాకాలం ఆ దీవులకు బయటి ప్రపంచంతో సంబంధం ఉపగ్రహాల ద్వారానే ఉండేది. భూస్థిర ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పైకి వెళ్లి కిందికి రావాలంటే 72,000 కిలోమీటర్లు. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో వెళ్లినా 0.24 సెకను పడుతుంది. జవాబు రావడానికి మరో 0.24. అంటే మీరు అడిగిన దానికి అవతలివారు వెంటనే బదులిచ్చినా మీకు వినపడేసరికి దాదాపు అర సెకను. అర సెకను ఎంతలే అనుకోకండి. ఐదుగురు ఒకేసారి మాట్లాడుకునే ఆటలో ఆ జాప్యం చాలు, ఒకరి మాట మీద ఇంకొకరు పడిపోవడానికి.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి ఆ దీవులకు సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దీవుల మధ్య శాఖలతో కలిపి దాని పొడవు సుమారు 2,300 కిలోమీటర్లు, ఖర్చు సుమారు 1,224 కోట్ల రూపాయలు. పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకు అది చేరింది. గాజు తీగలో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. చెన్నై, పోర్ట్ బ్లెయిర్‌ల మధ్య కేబుల్ దూరం 1,500 కిలోమీటర్లు అనుకుంటే, వెళ్లి రావడానికి 0.015 సెకను. ఉపగ్రహంతో పోలిస్తే ముప్పయ్యో వంతు. మధ్యలో యంత్రాలు ఇంకొంత జాప్యం కలుపుతాయి, అయినా సంభాషణకు అడ్డం రాదు. కాబట్టి నేడు మిడిల్ పాయింట్‌లో కూర్చుని విశాఖలోని స్నేహితుడితో మాట్లాడుతూ ఆడటం సాధ్యమే. అయితే కేబుల్ ఉన్నంత మాత్రాన ప్రతి ఇంట్లో, ప్రతి ఫోన్‌లో, వానాకాలం రాత్రి కరెంటు పోయినప్పుడు కూడా నెట్ ఉంటుందని లెక్కవేసుకోకూడదు. ఇది దీవులకే కాదు, మన్యం ఊళ్లకూ వర్తిస్తుంది.

ఇప్పుడు సాధనాల సంగతి. తెర మీదే పటం పరిచి, బొమ్మలు కదిపి, పాచికలు వేసే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. 2004లో వచ్చిన ఫాంటసీ గ్రౌండ్స్, 2012లో వచ్చిన రోల్20, 2020లో వచ్చిన ఫౌండ్రీ ఈ కోవకు చెందినవి. ఇవి ఒకలాంటివి కావు. రోల్20 బ్రౌజర్‌లో నడుస్తుంది. సమాచారమంతా ఆ సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి నెట్ లేకపోతే ఆట లేదు. ఫౌండ్రీని సూత్రధారి ఒక్కడు కొని తన కంప్యూటర్‌లో పెట్టుకుంటే, తక్కినవాళ్లు తమ బ్రౌజర్లలో దానికి కలుస్తారు. ఒకే గదిలో వైఫై రౌటర్ ఉంటే చాలు, బయటి నెట్ తెగిపోయినా ఆట సాగుతుంది. ఈ తేడా ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో కనపడదు. అడిగి తెలుసుకోవాలి.

అసలు పటం అంత అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఒక చిన్న లెక్క వేయండి. వివరంగా గీసిన పటం ఫైలు 5 మెగాబైట్లు అనుకుందాం. నలుగురు ఆటగాళ్లు ఒకే ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నారు. మొత్తం 20 మెగాబైట్లు, అంటే 160 మెగాబిట్లు. ఆ రోజు వేగం సెకనుకు 1 మెగాబిట్ ఉంటే 160 సెకన్లు. గుహ తలుపు తెరిచాక లోపల ఏముందో చూడటానికి రెండు నిమిషాల నలభై సెకన్లు ఆగాలన్నమాట! అదే మీ కథ మొత్తం, వంద పేజీలు, తెలుగులో రాసి ఉందనుకోండి. పేజీకి 2,000 సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు. మొత్తం 6 లక్షల బైట్లు. అదే వేగంతో ఐదు సెకన్లలో వచ్చేస్తుంది. నన్నడిగితే పటం కాగితం మీద పెన్సిల్‌తో గీయండి. దూరాన ఉన్నవాడికి దాన్ని చిన్న ఫొటో తీసి పంపండి. సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చే రెడీమేడ్ బొమ్మల్లో తరచూ ఐరోపా కోటలూ, మంచు కొండలే కనిపిస్తాయి. మడ అడవీ, జెట్టీ, క్రీక్ మీరే గీసుకోవాలి. మిడిల్ పాయింట్‌లోనే మానవశాస్త్ర ప్రదర్శనశాల ఉంది. దీవుల ప్రజలు చేసిన పడవలూ, ఇళ్ల నమూనాలూ చూసి గీయడం ఎంతో మంచి అభ్యాసం. కానీ ఒక మాట: నేడు జీవిస్తున్న జారవా, సెంటినలీస్ వంటి జనాలను ఆటలో రాక్షసులుగా మార్చకండి. రాక్షసులను కల్పించుకోవడానికి మీకు ఊహ తక్కువేమీ కాలేదు.

ఇక ఈ ప్రసంగంలో నేను ఎక్కువసేపు నిలవదలచిన చోటుకు వద్దాం. అది నోట్సు.

సూత్రధారి రాసుకోవలసినవి ఏమిటి? మనుషులు, చోట్లు, ఇచ్చిన మాటలు, గడిచిన రోజులు, ఇంకా బయటపడని రహస్యాలు. రహస్యాలు వేరుగా ఉండాలి. అందరికీ పంచే ఫోల్డర్‌లో దొంగ ఎవరో రాసిపెడితే ఆట ఆ రోజుతో సరి. అందుకని రెండు ఫోల్డర్లు: ఒకటి అందరిదీ, ఒకటి సూత్రధారిది. ఒకే చోట పెట్టి 'ఇది ఫలానావారికి కనపడకూడదు' అని మీటలు నొక్కే సదుపాయం కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఉంది. ఒక్క మీట మరిస్తే ఏమవుతుందో ఆలోచించుకోండి.

తెలుగులో రాసేటప్పుడు మూడు చిక్కులు వస్తాయి. మొదటిది ఫాంటు. యూనికోడ్ వ్యాప్తిలోకి రాకముందు మన డీటీపీ కేంద్రాల్లో ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిన ఫాంట్లు వాడేవారు, ఇప్పటికీ కొన్నిచోట్ల వాడుతున్నారు. ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాల కుప్ప. యూనికోడ్‌లో ఒక్కో లిపికి సొంత స్థానాలున్నాయి. కనుక ఒకే ఫైలులో తెలుగు, బెంగాలీ, తమిళం, నాగరి పక్కపక్కనే ఉంటాయి. మన మిడిల్ పాయింట్ బల్లకు కావలసింది ఇదే.

రెండోది వెతుకులాట. ఇంగ్లిషులో పేరు దాదాపు మారదు. తెలుగులో విభక్తి చేరితే మాట రూపమే మారిపోవచ్చు. 'సోమయ్య' అని వెతికితే 'సోమయ్యకు', 'సోమయ్యతో' కూడా దొరుకుతాయి, ఎందుకంటే ప్రత్యయం చివర చేరింది. కానీ 'ఊరు' అని వెతికితే 'ఊళ్లో' దొరకదు. 'గుర్రం' అంటే 'గుర్రాన్ని' దొరకదు. కంప్యూటర్ వ్యాకరణం చూడదు, వరసగా సంకేతాలను పోల్చి చూస్తుంది. దీనికి ఉపాయం: ప్రతి ముఖ్యమైన పేరునూ ఒక స్థిరమైన రూపంలో, ముందు ఒక గుర్తు పెట్టి, ఆ రోజు నోట్సు అడుగున విడిగా రాయండి. వెతికేటప్పుడు ఆ గుర్తుతో వెతకండి.

మూడోది కంటికి కనపడనిది. 'పోర్ట్‌లో' వంటి మాటల్లో పొల్లు తర్వాత అక్షరం వత్తుగా మారకుండా ఉండటానికి ఒక అదృశ్య సంకేతం వాడతాం. ఒకసారి అది పెట్టి, ఇంకోసారి మరిచి రాస్తే వెతికినప్పుడు రెండూ వేర్వేరు మాటలుగా లెక్కకు రావచ్చు. సాధనం ఎంచుకునే ముందు ఇలాంటి నాలుగు మాటలు టైపు చేసి వెతికి చూడండి. ఐదు నిమిషాల పని. ఇంగ్లిషులో రాసిన సమీక్షల్లో ఈ సంగతి మీకు దొరకదు.

మరి ఏది వాడాలి? మామూలు టెక్స్ట్ ఫైళ్లనే ఫోల్డర్‌లో దాచే సాధనం ఏదైనా సరే. అబ్సిడియన్ అలాంటిది, జిమ్ అలాంటిది. ఆ సాఫ్ట్‌వేర్ రేపు లేకపోయినా ఫైళ్లు నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటాయి. పాత్రల బలాబలాల పట్టికలకు లిబ్రెఆఫీస్ వంటి స్ప్రెడ్‌షీట్ చాలు. పీడీఎఫ్ అచ్చుకు మంచిదే గానీ, అందులోంచి తెలుగును కాపీ చేస్తే తరచూ అక్షరాలు చెదురుతాయి. అసలు ప్రతిని టెక్స్ట్‌గానే ఉంచండి.

ఈ జాగ్రత్త ఎందుకు చెబుతున్నానంటే, యాహూ గ్రూప్స్, గూగుల్ ప్లస్ ఈ రెండింటిలోనూ ఇలాంటి ఆటలాడే బృందాలు చాలా ఉండేవి. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, యాహూ గ్రూప్స్ 2020 డిసెంబరులో మూతపడ్డాయి. ముందే తమ ప్రతి తీసుకున్నవారికి కథ మిగిలింది.

నియమాల పుస్తకాల విషయంలో ఒక శుభవార్త. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ మూల నియమాల పత్రం 5.1ను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మూలాన్ని పేర్కొంటూ మీరు దాన్ని తెలుగులోకి అనువదించి మీ ఫైళ్లలో పెట్టుకోవచ్చు, పంచవచ్చు కూడా. నాలుగు భాషల బల్లకు ఇది చిన్న సంగతి కాదు.

పాచికల గురించి చెప్పకపోతే మీరు ఊరుకోరు. ఫోన్ వేసే పాచిక మోసమనీ, చేత్తో వేసేదే నిజమనీ పిల్లలు వాదిస్తుంటారు. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలు వేస్తాం. గవ్వకు రెండు పక్కలూ సమానమనుకుంటే నాలుగూ ఒకే వైపు పడే అవకాశం 16లో 2, రెండు ఇటూ రెండు అటూ పడేది 16లో 6. నిజానికి గవ్వ రెండు పక్కలూ సమానం కావు, కనుక ఈ లెక్క గవ్వను బట్టి మారుతుంది. ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకూ 5 శాతం. ఫోన్ అంతే ఇస్తోందా? నమ్మనక్కర్లేదు, పరీక్షించండి. 200 సార్లు వేయించండి. ఒక్కో అంకె 10 సార్లు రావాలని ఆశిస్తాం. ప్రతి అంకెకూ వచ్చిన లెక్కలోంచి 10 తీసివేసి, ఆ తేడాను వర్గం చేసి, 10తో భాగించి, ఇరవైటినీ కూడండి. మొత్తం 30 దాటితే అనుమానించి మళ్లీ 200 సార్లు వేయించండి. మంచి పాచికకు కూడా సుమారు ఇరవైసార్లలో ఒకసారి అలా దాటుతుంది. ఇదే పరీక్ష మీ చేతి పాచికకూ పెట్టండి. అంచులు అరిగిన ప్లాస్టిక్ పాచిక ఓడిపోతే ఆశ్చర్యపోకండి.

కథనే రాసిపెట్టే కృత్రిమ మేధ సాధనాలు కూడా ఇప్పుడున్నాయి. పేర్ల జాబితాకో, చిక్కుపడ్డ చోట సలహాకో వాడుకోండి. గుహలో ఏముందో మాత్రం సూత్రధారే ఊహించాలి. లేకపోతే బల్ల చుట్టూ కూర్చోవడం ఎందుకు?

మళ్లీ విశాఖ వెళ్లిన స్నేహితుడి దగ్గరకు వద్దాం. వారానికొకసారి అందరికీ వీలైన గంట దొరక్కపోతే, ఉత్తరాల చదరంగం పద్ధతి ఉంది. సూత్రధారి సాయంత్రం ఒక పేరా రాసి పంపుతాడు. ఎవరి తీరికలో వాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో రెండు వాక్యాల్లో రాస్తారు. మర్నాడు సూత్రధారి పాచికలు వేసి, ఫలితం అంకెలతో సహా రాస్తాడు. ఈ పద్ధతికి ఉపగ్రహపు అర సెకను జాప్యం లెక్కలోనిది కాదు, హాస్టల్లో రాత్రి పది తర్వాత వచ్చే నెట్ చాలు. అతను ఓడ ఎక్కే ముందు అందరికీ చెందిన ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇవ్వండి. ఇచ్చే ముందు నెట్ ఆపి, వేరే కంప్యూటర్‌లో పెట్టి, పడవవాడి పేరు వెతికి దొరుకుతోందో లేదో చూడండి.