మీ చేతిలో నూటికి ఎందరు?



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న యువ వైద్యులారా, మీలో కొందరు గుండె సర్జన్లుగా, రక్తనాళాల సర్జన్లుగా, కార్డియాలజిస్టులుగా ఇక్కడినుంచి వెళ్తున్నారు. ఎక్కువమంది ఎంబీబీఎస్ పూర్తిచేసి జిల్లా ఆసుపత్రులకూ పీహెచ్‌సీలకూ వెళ్తారు. అందరికీ నా హృదయపూర్వక అభినందనలు. ఈ పూట మీతో ఒక్క విషయమే మాట్లాడదలచుకున్నాను.

నేను న్యూరాలజిస్టును. గుండెకు బైపాస్ జరిగాకో, మెడలోని కెరోటిడ్ ధమనికి ఆపరేషన్ జరిగాకో పేషెంటు కళ్లు తెరిచి కుడిచెయ్యి లేపలేకపోతే మా విభాగానికి ఫోన్ వస్తుంది. వెళ్లి చూస్తే గుండె చక్కగా కొట్టుకుంటూ ఉంటుంది. కుట్లు శుభ్రంగా ఉంటాయి. బయట కుటుంబం మాత్రం, "ఆపరేషన్ బాగా జరిగిందన్నారు కదండీ, మరి నాన్న మాట్లాడటం లేదేంటి?" అని అడుగుతుంది. ఆ సమయంలో ఆ ప్రశ్నకు ఎంత జాగ్రత్తగా జవాబు చెప్పినా ఆలస్యమే. అది ఆపరేషన్‌కు ముందు, సంతకం పెట్టించుకునే రోజున చెప్పి ఉండాల్సిన జవాబు.

మన పెద్దవాళ్లు దేవుణ్ని ఏం కోరుకుంటారో మీకు తెలుసు. కాలూ చెయ్యీ ఆడుతుండగానే వెళ్లిపోవాలని కోరుకుంటారు. చావుకంటే మంచాన పడటానికే ఎక్కువ భయపడతారు. మన రికార్డుల్లో ముందు కనిపించేది ముప్పై రోజుల్లో ఎందరు చనిపోయారన్న లెక్క. ఆ మనిషి తన అన్నం తాను కలుపుకుంటున్నాడా, మనవరాలిని పేరు పెట్టి పిలవగలుగుతున్నాడా అన్నది ఆ లెక్కలో కనిపించదు. పేషెంటుకు అసలైన ఫలితం అదే.

మిత్రులారా, స్ట్రోక్‌ను ఆపడానికి చేసే ఆపరేషనే స్ట్రోక్ తెచ్చిపెట్టవచ్చు. కెరోటిడ్ సర్జరీ చరిత్ర అంతా ఈ చిక్కుముడి చుట్టూనే తిరిగింది. మెడలో కెరోటిడ్ రెండుగా చీలే చోట కొవ్వు పేరుకుంటుంది. ఆ పూడిక మీద గడ్డకట్టిన రక్తం ముక్కలుగా విరిగి మెదడుకు చేరుతుంది. 1951లో కెనడా న్యూరాలజిస్టు మిల్లర్ ఫిషర్ ఈ సంబంధాన్ని స్పష్టంగా వివరించారు. 1953లో హ్యూస్టన్‌లో మైకేల్ డెబేకీ ఆ ధమనిని తెరిచి పూడిక తీశారు. మరుసటి ఏడాది లండన్‌లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రి బృందం తమ కేసును ప్రచురించింది. ఆలోచన సూటిగా ఉంది: నాళం పూడింది, పూడిక తీస్తే ప్రమాదం తప్పుతుంది. 1985 నాటికి అమెరికాలో ఏడాదికి లక్షకు పైగా ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి. అప్పటికి దాని లాభాన్ని తేల్చిచెప్పిన పెద్ద ట్రయల్ ఒక్కటీ లేదు.

1988లో ఒక అధ్యయనం వచ్చింది. 1981లో ఈ ఆపరేషన్ చేయించుకున్న 1,302 మంది వృద్ధుల రికార్డులను నిపుణులు పరిశీలించారు. నూటికి 35 మందికే అది స్పష్టంగా అవసరమని తేలింది. 32 మందికి చేయాల్సింది కాదన్నారు. నూటికి దాదాపు పదిమంది చనిపోయారు, లేదా స్ట్రోక్ వచ్చి అవిటితనం మిగిలింది. ఆ సర్జన్లు చెడ్డవాళ్లు కారు. తమ చేతిలో ఎందరికి ఏమవుతోందో కలిపి లెక్క చూసినవాళ్లు అప్పటికి తక్కువ, అంతే.

ఇక్కడ మీరు గుర్తుంచుకోవాల్సిన పేరు హెన్రీ బార్నెట్. కెనడాలోని లండన్ అనే ఊళ్లో పనిచేసిన న్యూరాలజిస్టు. ఆ రోజుల్లో పుర్రె బయటి ధమనిని తెచ్చి మెదడు ధమనికి కలిపే బైపాస్ ఒకటి చాలా పేరు తెచ్చుకుంది. సూక్ష్మదర్శిని కింద కుట్టే అద్భుతమైన పనితనం అది. బార్నెట్ నాయకత్వంలో 1,377 మందితో ట్రయల్ జరిగింది. 1985లో ఫలితం వచ్చింది. కలిపిన నాళాల్లో నూటికి 96 తెరుచుకునే ఉన్నాయి, రక్తం పారుతోంది. అయినా స్ట్రోకులు తగ్గలేదు. సర్జన్ కుట్టు గెలిచింది, పేషెంటుకు మాత్రం ఏమీ దక్కలేదు. ఈ రెండూ వేర్వేరు విషయాలని అంత స్పష్టంగా చూపిన సందర్భం సర్జరీ చరిత్రలో అరుదు.

అదే బార్నెట్ తర్వాత కెరోటిడ్ ఆపరేషన్‌ను అదే పరీక్షకు పెట్టారు. నాస్కెట్ అనే ఆ ట్రయల్ మొదటి ఫలితం 1991లో వచ్చింది. అప్పటికే చిన్న స్ట్రోక్ గానీ, వచ్చి పోయే లక్షణాలు గానీ ఉండి, ధమని 70 శాతానికి పైగా సన్నబడినవాళ్లను తీసుకున్నారు. మందులే వాడినవాళ్లలో రెండేళ్లలో నూటికి 26 మందికి ఆ వైపు స్ట్రోక్ వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్లలో, ఆపరేషన్ వల్ల వచ్చినవాటినీ కలుపుకుని, నూటికి 9 మందికి వచ్చింది. ఒక ఆపరేషన్‌ను కాదన్న మనిషే మరో ఆపరేషన్‌ను నిలబెట్టారు. ఆయన ఏ పక్షమూ వహించలేదు. రెంటినీ అడిగింది ఒకే ప్రశ్న: పేషెంటుకు చివరికి ఏమైంది?

ఆ 26కీ 9కీ మధ్య ఉన్న లాభం అందరు సర్జన్లకూ దానంతటదే రాదు. ట్రయల్‌లో చేరాలంటే సర్జన్ తన పాత ఫలితాలు చూపించాలి. స్ట్రోక్, మరణం కలిపి నూటికి 6 లోపు ఉంటేనే ప్రవేశం. లక్షణాలే లేకుండా స్కాన్‌లో పూడిక బయటపడినవాళ్ల విషయంలో లెక్క ఇంకా సున్నితం. 1995లో వచ్చిన అకాస్ ట్రయల్‌లో అయిదేళ్లకు మందులతో నూటికి 11, ఆపరేషన్‌తో 5 మందికి స్ట్రోక్ ముప్పు కనిపించింది. ఆపరేషన్ సమయపు ముప్పు నూటికి 2.3 మాత్రమే ఉండటం వల్ల అది సాధ్యమైంది. ఆ 2.3 మీ చేతిలో 8 అయితే లాభం మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. పైగా ఈనాటి స్టాటిన్లు, బీపీ మందుల వల్ల మందుల వైపు ముప్పు అప్పటికంటే తగ్గింది. అందువల్ల సర్జన్ పొరపడటానికి మిగిలిన చోటు ఇంకా ఇరుకైంది. పుస్తకంలోని శాతం పుస్తకం రాసినవారిది. మీ ఎదురుగా కూర్చున్న పేషెంటుకు కావాల్సింది మీ చేతిలో నూటికి ఎందరన్నది.

ఆ లెక్క ఎవరు వేయాలన్నదీ ముఖ్యమే. 1996లో బ్రిటన్‌కు చెందిన పీటర్ రాత్‌వెల్, సహచరులు కెరోటిడ్ సర్జరీ మీద వచ్చిన 51 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. సర్జరీ విభాగం వ్యక్తి ఒక్కరే రాసిన వ్యాసాల్లో స్ట్రోక్, మరణం కలిపి నూటికి 2.3. ఆపరేషన్ తర్వాత న్యూరాలజిస్టు పరీక్షించిన అధ్యయనాల్లో నూటికి 7.7. ఎవరూ అబద్ధం ఆడి ఉండకపోవచ్చు. తన పేషెంటు బాగున్నాడని నమ్మాలనుకునే కంటికి కొంచెం జారిన పెదవి, తడబడిన మాట ఆనవు. అందుకే సర్జన్లుగా వెళ్తున్నవారిని అర్థిస్తున్నాను: మీ పేషెంటును మరొకరి చేత పరీక్షింపజేయండి. అది మీ మీద అపనమ్మకం అనుకోకండి. మీ పేరుకు అంతకు మించిన రక్షణ లేదు.

ఇప్పుడు గుండె దగ్గరికి వస్తాను. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ హార్ట్-లంగ్ మెషిన్ సాయంతో ఒక యువతి గుండెలోని రంధ్రాన్ని విజయవంతంగా మూశారు. ఆ యంత్రం లక్షలమందికి ప్రాణం పోసింది. అయితే యంత్రానికి గొట్టం పెట్టేదీ, క్లాంపు వేసేదీ బృహద్ధమనికే. ముదిరిన కొవ్వుతో గట్టిపడిన బృహద్ధమనిని నొక్కితే పెళ్లలు రాలి మెదడుకు వెళ్లవచ్చు. రక్తపోటు పడిపోతే మెదడులో రెండు ధమనుల సరిహద్దు ప్రాంతాలు ఎండిపోతాయి. ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు గుండె లయ తప్పి, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ మొదలై, గుండె గదిలో గడ్డ కట్టవచ్చు. బైపాస్ చేయించుకున్న ముగ్గురు నలుగురిలో ఒకరికి ఆ లయ తప్పడం ఉంటుంది. 1996లో 2,108 మంది బైపాస్ పేషెంట్ల మీద వచ్చిన అమెరికా అధ్యయనంలో నూటికి ఆరుగురికి మెదడుకు ఏదో ఒక హాని జరిగింది. స్ట్రోక్ వంటి తీవ్రమైన హాని జరిగినవారిలో అయిదుగురికి ఒకరు ఆసుపత్రిలోనే చనిపోయారు.

ఈ ముప్పులో కొంత తగ్గించగలిగినదే. క్లాంపు వేసేముందు బృహద్ధమని మీద అల్ట్రాసౌండ్ పెట్టి కొవ్వు ఎక్కడుందో చూడవచ్చు. అవసరమైతే బృహద్ధమనిని ముట్టుకోకుండానే బైపాస్ చేయవచ్చు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ముందే ఉన్నవాళ్లకు గుండె ఆపరేషన్ చేసేటప్పుడు ఎడమ కర్ణిక పక్కనున్న చిన్న సంచిని మూసేస్తే ఏమవుతుందో 4,770 మందితో చేసిన లావోస్-3 ట్రయల్ 2021లో చూపించింది. సగటున దాదాపు నాలుగేళ్లలో స్ట్రోక్ లేదా శరీరంలో మరోచోట గడ్డ అడ్డుపడటం నూటికి 7 నుంచి 4.8కి తగ్గింది. లెక్క పెట్టారు కాబట్టే తగ్గించే దారి దొరికింది.

షుగర్ లేని ఇల్లు మన ఊళ్లలో వెతకాల్సి వస్తోంది. కాబట్టి ఫ్రీడమ్ ట్రయల్ మీకు కంఠతా ఉండాలి. షుగర్ ఉండి, ఒకటికి మించిన గుండె నాళాల్లో పూడిక ఉన్న 1,900 మందిని తీసుకుని, బైపాస్‌నూ స్టెంటునూ పోల్చారు. 2012లో వచ్చిన అయిదేళ్ల ఫలితం ఇది. మరణాలు స్టెంటుతో నూటికి 16, బైపాస్‌తో 11. గుండెపోటు స్టెంటుతో 14, బైపాస్‌తో 6. స్ట్రోక్ మాత్రం స్టెంటుతో 2.4, బైపాస్‌తో 5.2. మొత్తం మీద బైపాస్‌దే మొగ్గు. అయినా ఈ మూడు అంకెలూ పేషెంటు ముందు ఉంచాలి. పిల్లలింకా స్థిరపడని నలభై అయిదేళ్ల తండ్రి ప్రాణం వైపు మొగ్గుతాడు. చేతిపనే జీవితంగా బతికిన డెబ్బై అయిదేళ్ల చేనేత కార్మికుడు మరోలా ఆలోచించవచ్చు. ఏ నష్టాన్ని భరించగలరో నిర్ణయించుకునే హక్కు వాళ్లది. ఆ నిర్ణయానికి కావాల్సిన నిజాన్ని వాళ్ల మాటల్లో చెప్పడం మీ బాధ్యత.

ఎంబీబీఎస్ పట్టా తీసుకున్నవారు ఇదంతా సర్జన్ల సంగతి అనుకోవద్దు. చెయ్యి కాసేపు తిమ్మిరెక్కి తగ్గింది, నోరు వంకరపోయి పావుగంటలో సర్దుకుంది, ఒక కంటికి తెర దించినట్టు చీకటై మళ్లీ కనబడింది అంటూ మీ దగ్గరికి వస్తారు. తగ్గిపోయిందిగా అని వాళ్లే తేలిగ్గా తీసుకుంటారు. మీరు తీసుకోకూడదు. 2004లో రాత్‌వెల్ బృందం పాత ట్రయళ్లను కలిపి చూసింది. లక్షణాలు కనిపించిన రెండు వారాల్లోపు కెరోటిడ్ ఆపరేషన్ చేస్తే అయిదుగురికి చేసినప్పుడు ఒక స్ట్రోక్ తప్పుతుంది. పన్నెండు వారాలు దాటాక చేస్తే 125 మందికి చేస్తేనే ఒకటి తప్పుతుంది. సర్జన్ ఎంత గొప్పవాడైనా ఆ పన్నెండు వారాలను వెనక్కి తేలేడు. ఆ మేలు మీరు ఆ రోజే రాసే రిఫరల్ చీటీలో ఉంది.

ఒక హెచ్చరిక కూడా. మనవాళ్లలో పుర్రె లోపలి ధమనులు సన్నబడటం పాశ్చాత్యులకంటే ఎక్కువగా కనిపిస్తుంది. సన్నబడిన చోటు స్కాన్‌లో కనబడగానే స్టెంట్ వేయాలనిపిస్తుంది. 2011లో వచ్చిన శాంప్రిస్ ట్రయల్‌లో నెలరోజుల్లో స్ట్రోక్ లేదా మరణం స్టెంటుతో నూటికి 14.7, గట్టి మందులతో 5.8. ట్రయల్‌లో కొత్తవాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. చేయగలిగిన ప్రతిదీ చేయదగినది కాదని మీకు మీరు చెప్పుకోవాల్సిన రోజులు చాలా వస్తాయి.

లెక్కలు బయటపెడితే ఏమవుతుందని భయపడేవారికి న్యూయార్క్ రాష్ట్ర అనుభవం ఉంది. 1989 నుంచి అక్కడ ప్రతి బైపాస్ ఫలితాన్నీ పేషెంటు వయసు, జబ్బు తీవ్రతలతో సర్దుబాటు చేసి నమోదు చేశారు. 1991లో ఒక పత్రిక కోర్టుకు వెళ్లి సర్జన్ల వారీ వివరాలు కూడా బయటికి తెప్పించింది. 1992 నాటికి సర్దుబాటు చేసిన మరణాలు నూటికి 4.17 నుంచి 2.45కి తగ్గాయి. కష్టమైన కేసులను సర్జన్లు వదిలేస్తారేమోనన్న వాదన అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అది తేలిగ్గా కొట్టిపారేయదగ్గది కాదు. అందుకే జబ్బు తీవ్రతను లెక్కలో కలపడం తప్పనిసరి. మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక గుండె ఆపరేషన్ పేద కుటుంబాల దాకా వచ్చింది. అది గొప్ప మార్పు. ఆపరేషన్ వారికి అందినట్టే, ఏడాది తర్వాత ఏమైందో కనుక్కునే మర్యాద కూడా వారికి అందాలి.

కాబట్టి మిమ్మల్ని అడిగేది ఇది. మొదటి ఆపరేషన్ రోజునే ఒక రిజిస్టరు తెరవండి. పేషెంటు వయసు, లక్షణాలు మొదలైన తేదీ, ఆపరేషన్ తేదీ, ముప్పై రోజులకు మరొకరు చేసిన పరీక్ష రాయండి. ఏడాదికి ఫోన్ చేయండి. "చొక్కా గుండీలు మీరే పెట్టుకుంటున్నారా? సంతకం చేయగలుగుతున్నారా? ఇంట్లో ఎవరి సాయం కావాల్సి వస్తోంది?" అని అడిగి రాసుకోండి. మొదటి ఇరవై ఆపరేషన్లలో ఒక్క స్ట్రోకూ రాలేదని పొంగిపోకండి. ఇరవైకి సున్నా వచ్చినా అసలు ముప్పు నూటికి 14 దాకా ఉండవచ్చని గణితం చెబుతుంది. కొత్తగా చేరినవారు "నా లెక్క ఇంకా చిన్నది, మా యూనిట్ లెక్క ఇది, నా పక్కన ఫలానా సీనియర్ ఉంటారు" అని పేషెంటుతో చెప్పండి. అలా చెప్పిన డాక్టరును మనవాళ్లు వదిలిపోరు, ఇంకా గట్టిగా నమ్ముతారు.

మీ గోడమీద ఈ పట్టా ఉంటుంది. "డాక్టర్ గారూ, మీ చేతిలో నూటికి ఎందరికి ఇలా అవుతుంది?" అని ఎవరడిగినా తడుముకోకుండా, తగ్గించకుండా, నిజం చెప్పగలిగే వైద్యులు కావాలని కోరుకుంటున్నాను. అడగడం తెలియని పేషెంటుకు మీరే ముందుగా చెప్పండి. అంకె ఎక్కువగా ఉంటే దాచకండి, దాన్ని తగ్గించే పనిలో దిగండి. తగ్గే దాకా మీకంటే బాగా చేసేవారి దగ్గరికి పేషెంటును పంపండి. మీ గురువులు మీకు ఇచ్చిన చదువుకు అంతకంటే గొప్ప గురుదక్షిణ లేదు.