మేడారం దారిలో నాలుగు రోజుల కాపురం

రెండేళ్లకోసారి మాఘ పున్నమికి ములుగు జిల్లా మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర. నాలుగు రోజులూ అడవిలోనే వంట, అడవిలోనే పడక. బస్సులు, కార్లు ఎంత పెరిగినా, ఎడ్లబండి కట్టుకునో ట్రాక్టరు మాట్లాడుకునో ఇంటిల్లిపాదీ కదిలేవాళ్లు ఇంకా ఉన్నారు. సామాను సర్దడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి.

ఎడ్లబండిలో బరువు ఇరుసు మీదికి రావాలి. ముందుకు ఎక్కువైతే ఎడ్ల మెడ నలుగుతుంది. వెనక్కు ఎక్కువైతే కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతుకు బిగుస్తాయి. అందుకే బియ్యం సంచులు, పెద్ద గిన్నెలు నడుమన, అడుగున. దిగగానే కావలసిన తాడిపత్రి, గుంజలు, తాళ్లు, గడ్డపార, టార్చిలైటు మాత్రం అన్నిటికంటే ఆఖర్న ఎక్కించాలి. ఇది మరిచినవాళ్లు చీకట్లో గుంజల కోసం బండంతా దించుకుంటారు.

గుడారానికి కాస్త మెరక చూసుకోండి. వాగు ఒడ్డు ఇసుక మెత్తగా ఉంటుంది గానీ, తెల్లవారేసరికి పక్కంతా చెమ్మే. నేల మీద వరిగడ్డి, దాని మీద తాడిపత్రి, ఆపైన బొంత. దోమతెర తప్పనిసరి.

మొదటి పూటకు పులిహోర చాలు. తర్వాత సకినాలు, కడక్ రొట్టెలు, చింతకాయ తొక్కు ఆదుకుంటాయి. మిగిలిన కూర మర్నాటికి దాచడం పొదుపు కాదు, ప్రమాదం. మేడారంలో పారే జంపన్న వాగు నీళ్లు స్నానానికే. తాగే నీళ్లు కాచి చల్లార్చండి, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగండి. పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగిస్తూ వైద్య శిబిరానికి తీసుకెళ్లండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. జనంలో తప్పిపోతే దొరికేలా పిల్లల చేతి మీద పెద్దల ఫోన్ నంబరు రాయడం బయల్దేరే ముందే అయిపోవాలి.

ఇక పొయ్యి. మాఘంలో టేకాకు రాలి ఎండి ఉంటుంది, నిప్పురవ్వ చాలు. గుడారానికి, గడ్డికి దూరంగా, గాలివాటు చూసి, చుట్టూ నేల ఊడ్చి మూడు రాళ్లు పెట్టండి. చలికి నిప్పుల కుంపటి గుడారంలో పెట్టుకోవద్దు, దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అక్కడి నుంచి కదిలే ముందు బూడిద మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి.