దేవర ముఖానికి ఐదువందల బంగారు నాణేలా?

(మల్యాలలో కాలేజీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలకు ఇది రాతరూపం. ఆ రోజు రాలేకపోయినోళ్ళు అడిగిన్రని ఇక్కడ పెడుతున్న.)



నేను వస్తున్న అంటే పోడు పట్టాల మీద మాట్లాడత అనుకున్నరు మీరందరు. ఇయ్యాల నేను ఒక ఆట గురించి మాట్లాడత. నవ్వకుండ్రి. తిరిగి తిరిగి పట్టా దగ్గరికే వస్త.

డిగ్రీ చదివేటప్పుడు మా హాస్టల్ రూంల ఆదివారం ఒక ఆట నడిచేది. నలుగురైదుగురం కూర్చునేటోళ్ళం. అండ్ల బోర్డు ఉండదు, ఫోన్ ఉండదు. ఒకరు కథ నడిపిస్తరు, మిగిలినోళ్ళు ఆ కథల పాత్రలు. ఒకరు విలుకాడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. "గుహ ముందర నిలబడ్డరు, లోపల ఏదో కదులుతున్నది, ఏం చేస్తరు?" అని కథ నడిపేటోడు అడుగుతడు. మనం చెప్పాలె. అది అయితదా కాదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తది. ఇసొంటి ఆటలన్నిటికీ పెద్దక్క డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాల గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు దాన్ని తెచ్చిన్రు.

ఈ ఆటకు ఒక లోకం కావాలె. ఆ లోకానికి దేవుళ్ళు, వంశాలు, పాత యుద్ధాలు, మాయ వస్తువులు కావాలె. అవన్నీ కథ నడిపేటోడే కల్పించాలె. మా దోస్తు ఆ పనిల గట్టోడు. ఒక రాత్రి మా గూడెం ముచ్చట్లు చెప్పుమని అడిగిండు. నేను సంబరంగ చెప్పిన. మేం నాయకపోళ్ళం. మాకు లక్ష్మీదేవర ఉన్నది. గుర్రం ముఖం, కర్రతోని చెక్కి రంగులేసిన ముఖం. పండుగ నాడు దాన్ని తలకెత్తుకుని ఆడుతుంటే డప్పులు మోగుతయి, ఊరంతా వెనక నడుస్తది. ఇవన్నీ చెప్పిన.

రెండు వారాలకు ఆటల మా గుంపు ఒక సంతకు పోయింది. దుకాణంల అమ్మకానికున్న వస్తువుల జాబితా మా దోస్తు చదివిండు. మూడో వరుసల ఇట్ల ఉన్నది: "లక్ష్మీదేవర ముఖం. తొడుక్కుంటే బలం మూడు పెరుగును. ధర ఐదువందల బంగారు నాణేలు." ఒకరు కొన్నరు. ఇంకో రెండు ఆటలు కాంగనే మూట బరువైందని అమ్మేసిన్రు.

ఆ రాత్రి నేను ఏం అనలేదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు అవ్వకు చెప్పిన. అవ్వ కోపం చేస్తదనుకున్న. చెయ్యలేదు. ఒక్క మాట అడిగింది: "కొన్నోడు ఉపాసం ఉన్నడా, బిడ్డా?"

తర్వాత దోస్తుకు ఈ మాట చెప్తే నిజంగ బాధపడ్డడు. వానిది చెడ్డ మనసు కాదు. "మరి ఏం రాయాలె? అడవి మనుషులు లేని లోకం రాయాలెనా?" అని అడిగిండు. నా దగ్గర జవాబు లేదు. ఆ ముచ్చట చెప్పింది నేనే, ధర కట్టింది వాడు, కొన్నది ఇంకొకరు. తప్పు ఎవరిది? అప్పటినుంచి ఆలోచిస్తున్న. ఇయ్యాల ఆ దోస్తుకు ఇయ్యాల్సిన జవాబు మీ ముందర చెప్తున్న.

మాయ వస్తువు అంటే ఏంది? మన తెలుగు కథలనే చూద్దాం. బాలనాగమ్మ కథల మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలుకల ఉంటది. ఆ చిలుక దొరికితేనే ఫకీరు చస్తడు. 1951ల కె.వి.రెడ్డి తీసిన పాతాళభైరవిల బొమ్మ అడిగిందల్లా ఇస్తది. కానీ దాన్ని సాధించాలంటే సాహసవంతుడైన యువకుణ్ణి బలి ఇయ్యాలె. అంటే కల్పించినోళ్ళు వస్తువుకు శక్తితోపాటు ఒక కట్టుబాటు పెట్టిన్రు. కట్టుబాటు తీసేస్తే కథ లేదు, ఉత్త సామానే మిగులుతది.

ఇప్పుడు మన దిక్కు చూడుండ్రి. కేస్లాపూర్ నాగోబా జాతరకు మెస్రం వంశం వాళ్ళు కాలినడకన పోయి హస్తినమడుగుల గోదావరి నీళ్ళు ఝరిల పట్టుకొస్తరు. ఆ నీళ్ళతోని పుష్య అమావాస్య నాడు పూజ. ఆ వంశానికి వచ్చిన కొత్త కోడళ్ళను నాగోబా ముందర భేటింగ్ చేయిస్తరు. అప్పుడే వాళ్ళు దేవుని ముందర మెస్రం వాళ్ళయితరు. మరి ఆ ఝరి శక్తి ఎక్కడుంది? ఇత్తడిల లేదు. నడిచిన దారిల ఉన్నది, ఎదురుచూసిన కోడళ్ళల్ల ఉన్నది.

మేడారం సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్ట మీదికి పోయిన తల్లి మాయమైందని, కుంకుమభరిణె ఒక్కటే దొరికిందని కోయలు చెప్తరు. రెండేండ్లకోసారి మాఘ పౌర్ణమి జాతరకు పూజారులు గుట్ట ఎక్కి తల్లిని తీసుకొస్తుంటే పోలీసు అధికారే గాలిలకు తుపాకి పేల్చి స్వాగతం చెప్తడు. లక్షల మంది చూస్తరు, కానీ ఆ భరిణెను తాకే హక్కు పూజారులదే. దండారిల గుస్సాడీ నెమలి ఈకల టోపీ పెట్టుకున్నోళ్ళు ఆ దీక్ష రోజుల్ల స్నానం చెయ్యరు. దీపావళి తర్వాత కొలబొడితోని దీక్ష ముగుస్తది. టోపీ ఎవరన్నా పెట్టుకోవచ్చు. దీక్ష లేకుంటే అది ఉత్త ఈకల కట్ట.

మీ మల్యాల పక్కనే కొండగట్టు ఉన్నది. తప్పిపోయిన ఆవును వెతుక్కుంట పోయినోనికి దేవుడు దొరికిండని కదా అక్కడి కథ. ఇంకొంచెం పోతే సిరిసిల్ల. అగ్గిపెట్టెల పట్టే చీర మగ్గం మీద నేసినోళ్ళున్నరు అక్కడ. ఏ ఆట పుస్తకంల రాసినా అది మాయ వస్తువే. కానీ అండ్ల మాయ లేదు, నేసినోని కండ్లు, వేళ్ళు, రాత్రులు ఉన్నయి.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ రాసేటోళ్ళకు కూడా ఈ సంగతి కొంత అర్థమైంది. 2014ల వచ్చిన అయిదో కూర్పుల కొన్ని మాయ వస్తువులు వాడాలంటే ముందు కొంతసేపు వాటితోని కూర్చుని ముడిపడాలె అని నియమం పెట్టిన్రు. ఒక్క మనిషి మూడిటికంటే ఎక్కువ వస్తువులతోని ముడిపడలేడు. అవ్వ అడిగిన ఉపాసం అసొంటిదే గద. అయితే అవ్వ ముడి ఊరితోని, వాళ్ళ ముడి వస్తువుతోని. తేడా అక్కడ ఉన్నది.

ఇప్పుడు కష్టమైన ముచ్చట. 1980ల ఇదే ఆటకు దేవుళ్ళ పుస్తకం ఒకటి వచ్చింది. అండ్ల అమెరికా ఆదివాసుల దేవుళ్ళకు, మన దేశం దేవుళ్ళకు కూడా లెక్కలు కట్టిన్రు. ఎన్ని దెబ్బలు తింటే దేవుడు చస్తడో రాసిన్రు. జనం ఇప్పటికీ మొక్కే దేవుళ్ళవి అవి. అదే ఆటల ఓర్క్ అనే తెగను పుట్టుకతోనే చెడ్డదని రాసిన్రు. కనిపిస్తే చంపాలె, పాపం లేదు. ఆటనే కదా అంటరు. కానీ పుట్టుకతోనే నేరస్తులు అన్న మాట మన దేశంల ఆట కాదు, చట్టం. 1871ల బ్రిటిషోళ్ళు నేరస్త తెగల చట్టం తెచ్చి బతికున్న జాతులకు జాతులనే ఆ జాబితాల రాసిన్రు. దాన్ని ఎత్తేసింది 1952ల. ఆట పుస్తకాలు కూడా మెల్లగ మారుతున్నయి. 2022 డిసెంబర్ల ఆ ఆట కంపెనీ జాతి అనే మాటను తీసేస్తున్నమని చెప్పింది. అడిగినోళ్ళున్నరు గనుకనే అది మారింది.

మన దగ్గర? 2015ల బాహుబలి చూసినం, ఈలలు కొట్టినం. నేను కూడా కొట్టిన. కాలకేయులను గుర్తు చేసుకోండ్రి. నల్లటి ఒళ్ళు, మురికి, కేకలు, ఆడోళ్ళ మీద కన్ను. వాళ్ళ ఊరు ఎట్ల ఉంటది, వాళ్ళ పిల్లలు ఏం ఆడతరు, యుద్ధానికి ఎందుకొచ్చిన్రు? కథకు అక్కర లేదు. వాళ్ళ కోసం మదన్ కార్కీ కిలికి అనే భాష కల్పించిండు. 750 దాకా మాటలు, 40 వ్యాకరణ సూత్రాలు అని పేపర్లల్ల వచ్చింది. ఆ కష్టానికి దండం పెట్టాల్సిందే. కానీ 2011 లెక్కల ప్రకారం 29 లక్షల పైన మంది మాట్లాడే గోండి ఉన్నది. ఆదిలాబాద్ గుంజాలల దొరికిన రాతప్రతుల లిపి 2018ల యూనికోడ్‌కు ఎక్కింది. కిలికి డైలాగ్ ఒకటి చెప్పుమంటే ఈ హాల్ల పదిమంది చెప్తరు. గోండిల ఒక మాట చెప్పుమంటే? నేనే తడబడత.

మరి కల్పించొద్దా? కల్పించాలె. మనమే కల్పించాలె. 2014ల అలాస్కాల ఇన్యుపియాట్ ఆదివాసులు నెవర్ అలోన్ అనే వీడియో గేమ్ తెచ్చిన్రు. తమ పెద్దమనుషులను, కథలు చెప్పేటోళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చేయించుకున్నరు. 2022ల కయోటీ అండ్ క్రో అనే ఆట వచ్చింది. చేసింది కానర్ అలెగ్జాండర్ అనే చెరోకీ మనిషి. తెల్లోళ్ళు అమెరికాను ఎన్నడూ ఆక్రమించకపోతే ఆ దేశం ఎట్ల ఉండేదో అండ్ల లోకం. నాకు నచ్చిన సంగతి ఇంకోటి ఉన్నది. ఆదివాసులు కాని ఆటగాళ్ళకు అండ్ల సాఫ్‌గ చెప్పిన్రు: ఉన్న తెగల పేర్లను, ఆచారాలను మీ పాత్రకు తగిలించుకోవద్దు, మేం కల్పించిన లోకంల ఆడుకోండ్రి, అది మీకోసమే. తలుపు తెరిచిన్రు, దేవుని అర్రకు మాత్రం గొళ్ళెం పెట్టిన్రు.

మొన్న ఎండాకాలం సెలవులల్ల మా గూడెం పిల్లలతోని ఒక లోకం కల్పించుడు మొదలు పెట్టిన. మూడే మూడు కట్టుబాట్లు పెట్టుకున్నం. ఒకటి, మొక్కే వస్తువును ఆటలకు తేవొద్దు. రెండు, కల్పించింది కల్పించిందని రాయాలె, "ఇది మా తాతల కథ" అని అబద్ధం చెప్పొద్దు. మూడు, ప్రతి వస్తువుకు ఐదు ప్రశ్నలకు జవాబు ఉండాలె. ఎవరు చేసిన్రు? ఎవరు కాపాడుతరు? ఎప్పుడు బయటికి తీస్తరు? తీసినోళ్ళు ఏం వదులుకోవాలె? అది పోతే ఎవరు ఏడుస్తరు?

మొదట పిల్లలు కత్తులు, ఎగిరే గుర్రాలు చెప్పిన్రు. ఐదో ప్రశ్న దగ్గర అన్నీ పడిపోయినయి. ఎగిరే గుర్రం పోతే ఎవరూ ఏడ్వరట, ఇంకోటి కొనుక్కుంటరట. అప్పుడు ఏడో తరగతి చదివే ఒక పిల్ల సాక్షిరాయి అన్నది. చేను గెట్టు మీద ఉండే రాయి. చెయ్యి పెడితే ఈ భూమిని మొట్టమొదలు ఎవరు సాగు చేసిన్రో వాళ్ళ గొంతుతోనే చెప్తది. చెయ్యి పెట్టినోళ్ళు ఆ పొద్దు గూకే దాకా అబద్ధం ఆడలేరు. ఒక పిలగాడు అడిగిండు: "సారు చెయ్యి పెడితే?" ఆ పిల్ల అన్నది: "సారైనా నిజమే చెప్పాలె గద." అందరం నవ్వినం. వెనక కూర్చున్న తాత నవ్వలేదు. "మరి నేనున్న గద" అన్నడు.

ఇగో, ఇప్పుడు పట్టా దగ్గరికి వచ్చిన. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది. దాని నియమాలు 2008 జనవరి 1న వచ్చినయి. 13వ నియమం సాక్ష్యాల గురించి. కాగితాలు మాత్రమే సాక్ష్యం అని అది అనదు. పాత బావులు, బొందలగడ్డలు, మొక్కే జాగాలు సాక్ష్యం. దరఖాస్తు పెట్టినోళ్ళు కాని పెద్దమనుషులు చెప్పిన మాట, రాసుకుంటే, సాక్ష్యం. అంటే మా తాత నోట్ల ఉన్న ముచ్చట చట్టం దృష్టిల రుజువు. ఆ పిల్ల కల్పించిన సాక్షిరాయి మా అరుగు మీద బీడీ తాగుకుంట కూర్చున్నది.

అందుకే నేను భయపడుతున్న. దేవర ముఖాన్ని అంగడి సరుకు చేసిన ఆట, కల్పించిన కథను మా అసలు కథ అని పెట్టిన పోస్టు, రెండూ ఒక్కటే పని చేస్తయి. రేపు ఒక అధికారి ఫోన్ల చూసి "మీ దేవుని గురించి ఇట్ల ఉన్నది, మీరేమో అట్ల చెప్తున్నరు" అంటే తాత మాట చిన్నదైతది. ఆ మాట చిన్నదైతే గెట్టు జరుగుతది. ఆటల పోయింది ఆటల తిరిగి రావచ్చు. గెట్టు జరిగితే తిరిగి రాదు.

హాస్టల్ దోస్తుకు నా జవాబు ఇది. అడవి మనుషులున్న లోకమే రాయి. మా దేవర ముఖం తీసుకోకు, దాని వెనక ఉన్న ఉపాసాన్ని నేర్చుకో. వస్తువు నీ సొంతంగ కల్పించు, దానికి ఒక కాపరిని పెట్టు, ఒక బాధ్యత పెట్టు. అడవిల ఉండేటోళ్ళకు కూడా ఊరు, అమ్మ, అప్పు, జోకులు పెట్టు. అనుమానం వస్తే అడుగు. చెప్పొద్దన్నది అడగకు.

ఇక్కడ కూర్చున్న మన పిల్లలకు ఒక్క పని చెప్తున్న. ఈ ఎండాకాలం రెండు నోట్‌బుక్కులు కొనండ్రి. ఒకదాంట్ల మీ అవ్వ, తాత చెప్పింది చెప్పినట్టు రాయండ్రి, పేరు, ఊరు, తారీఖు వేసి. వాళ్ళు రాయొద్దన్నది రాయకుండ్రి. రెండోదాంట్ల మీ ఇష్టం, ఏడు తలల ఏనుగును రాయండ్రి, మాట్లాడే వాగును రాయండ్రి, ఎవ్వరూ చూడని లోకాలు కట్టండ్రి. రెండు బుక్కులకు రెండు వేర్వేరు అట్టలు వేయండ్రి. అవి కలవకుండ చూసుకోండ్రి.

సాక్షిరాయికి ఇంకా ఒక ప్రశ్న మిగిలే ఉన్నది, మా పిల్లలు తేల్చలేదు. తాత పోయిన తర్వాత ఆ రాయి ఎవరి గొంతుతోని మాట్లాడాలె? నేనైతే ఆ పిల్ల గొంతుతోని అనుకుంటున్న. వచ్చే సెలవుల్ల ఆటల తేలుతది.

జోహార్.