బడికి తాళం వేసే ముందు లెక్క చెప్పండి

(మండల కేంద్రంలోని అంబేడ్కర్ భవన్‌లో జరిగిన తల్లిదండ్రుల సభలో ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ కూలి పోగొట్టుకుని వచ్చిన అక్కలు ముందు వరుసలో కూర్చున్నారు. అందుకని ఎక్కువసేపు మాట్లాడను. ముప్పై ఏళ్లకు పైగా సర్కారు బడుల్లో పనిచేసినవాణ్ణి. మన వాడ బడి పాడైతే జవాబు చెప్పాల్సింది ఎవరు? దీని గురించే నాలుగు మాటలు చెప్పి కూర్చుంటా.

నేను ఎస్జీటీగా పనిచేసిన ఒక బడి సంగతి చెప్తా. ఊరి పేరు వద్దు. వాడను ఆనుకునే ఉండేది బడి. నేను చేరిన ఏడు అరవై నాలుగు మంది పిల్లలు, ఇద్దరం టీచర్లం. 60 మంది దాటితే ముగ్గురు ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది. ఆ మూడో మనిషిని మేం ఎన్నడూ చూడలేదు. మా రెండో టీచరమ్మ ప్రసూతి సెలవు పెడితే ఆమె బదులు ఎవరినీ పంపలేదు. ఐదు తరగతులకు నేనొక్కణ్ణే. మీటింగని మండలానికి పిలిస్తే ఆ పూట బడికి నేనూ ఉండను. ఏడాది తిరిగేసరికి చేతిలో నాలుగు పైసలున్నవాళ్లు పిల్లల్ని ప్రైవేటు బడి బస్సు ఎక్కించారు. వాళ్లను తప్పుపట్టను. అరవై నాలుగు కాస్తా నలభై అయింది, నలభై ఇరవై రెండయింది. అప్పుడొచ్చింది పైనుంచి కాగితం: పిల్లలు తక్కువ ఉన్నారు కాబట్టి ఒక టీచరును పక్క బడికి సర్దుబాటు చేయమని. టీచర్లు లేక పిల్లలు పోయిన బడి నుంచి, పిల్లలు పోయారని టీచరును కూడా తీసుకుపోయారు.

ఆ మధ్యలో తనిఖీకి ఒక సారు వచ్చాడు. నోటు పుస్తకాలు దిద్దలేదని రాశాడు, గోడకు చార్టులు లేవని రాశాడు. "సార్, మూడో పోస్టు ఇప్పటిదాకా ఇవ్వలేదు, అది కూడా రాయండి" అన్నాను. ఆయన మంచివాడే. ఫారం తిప్పి చూపించి, "దానికి ఇందులో గడి లేదయ్యా" అన్నాడు. జవాబుదారీతనం అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ ఫారమే గుర్తొస్తుంది.

టీచర్లు తప్పు చేయరని నేననను. ఆలస్యంగా వచ్చేవాళ్లు, ఫోను చూసుకుంటూ కూర్చునేవాళ్లు, వాడ పిల్లలకు చదువెందుకని మనసులో అనుకునేవాళ్లు ఉన్నారు. క్రమంగా రావడం, పాఠం పూర్తి చేయడం, వెనకబడిన పిల్లవాడికి అదనంగా చెప్పడం టీచరు విధులని చట్టంలోని 24వ సెక్షన్ చెప్తుంది. అడగండి, గట్టిగా అడగండి. అయితే పక్కనే 26వ సెక్షన్ కూడా ఉంది. మంజూరైన పోస్టుల్లో ఖాళీలు పది శాతం దాటకూడదు. ఇది ప్రభుత్వం మీద పెట్టిన విధి. తెలంగాణ వచ్చాక 2017లో ఒకసారి టీచర్ల నియామకానికి నోటిఫికేషన్ ఇచ్చారు, మళ్లీ 11,062 పోస్టులతో డీఎస్సీ జరిగింది 2024లో. ఈ మధ్యలో 2020లో కరోనా పేరుతో విద్యా వాలంటీర్లను కూడా ఇంటికి పంపారు. ఆలస్యంగా వచ్చిన టీచరుకు మెమో ఇస్తారు. ఏళ్లకేళ్లు ఆలస్యమైన నియామకానికి మెమో ఎవరికి ఇవ్వాలి?

ఓటర్ల జాబితాల పని సెలవు రోజుల్లో, పాఠాలు లేని వేళల్లోనే చేయించాలని సుప్రీంకోర్టు 2007లోనే చెప్పింది. ఆచరణ ఎట్లా ఉందో ఇక్కడున్న టీచర్లకు తెలుసు.

ఇప్పుడు చీపురు సంగతి. ఇది చెప్పకుండా దిగితే నాకు నిద్ర పట్టదు. బాబాసాహెబ్ సతారాలో చదువుకున్నప్పుడు ఆయన కుళాయి ముట్టకూడదు. ప్యూను వచ్చి తిప్పితేనే నీళ్లు. ప్యూను రాని రోజు దాహంతోనే ఉండాలి. ఇప్పుడు కుళాయి ముట్టొద్దని ఎవరూ అనరు. కానీ చాలా బడుల్లో ఊడ్చేందుకు, మరుగుదొడ్డి కడిగేందుకు మనిషే లేడు. ఉన్నా నెలల తరబడి జీతం అందదు. ఆ పని ఎవరి మీద పడుతుంది? నేను హెడ్మాస్టరుగా చేరిన హైస్కూల్లో పొద్దున్నే చీపురు పట్టుకున్న ఆరుగురు పిల్లల్ని చూశాను. పేర్లు అడిగాను. ఆరుగురూ మన పిల్లలే. "ఎవరు చెప్పారమ్మా?" అంటే "ఎవరూ చెప్పలే సార్, మేమే ఊడుస్తం" అంది ఒక పిల్ల. అట్లా అలవాటు చేశారు. ఆ మరుసటి రోజు నుంచి టీచర్లం వంతులు వేసుకున్నాం. ఇద్దరు నాతో మాట్లాడటం మానేశారు, అది వేరే కథ.

మనిషిని పెట్టుకుందామంటే అప్పట్లో డబ్బు? సమగ్ర శిక్ష కింద బడికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు తలలు లెక్కపెట్టి ఇస్తారు. ముప్పై మంది లోపు పిల్లలుంటే ఏడాదికి 10,000 రూపాయలు, వంద లోపైతే 25,000. సుద్దముక్క, రిపేరు అన్నీ అందులోనే. అదీ విడతలుగా, ఆలస్యంగా. పది వేలను పన్నెండు నెలలకు పంచి చూడండి. కుంగిపోతున్న బడికి ఎక్కువ ఇవ్వాల్సింది పోయి తక్కువ ఇచ్చే పద్ధతి ఇది.

గురుకులాల గురించి కూడా ఒక మాట. నా మేనకోడలు గురుకులంలోనే చదివింది, వాటి మీద చేయి వేస్తే ఊరుకోను. కానీ ఐదో తరగతికి పరీక్ష పెట్టి చురుకైన పిల్లల్ని తీసుకుపోయాక ఊరి బడిలో మిగిలిన పిల్లల సంగతి ఎవరు చూడాలి? వాళ్లకే ఎక్కువ మంది టీచర్లు కావాలి. ఫలితాలు తగ్గాయని ఆ బడినే తిడుతున్నారు.

నా తప్పు కూడా ఒప్పుకుంటా. నా కొడుకును నేను ప్రైవేటులో చదివించాను. ప్రభుత్వ ఉద్యోగులు పిల్లల్ని సర్కారు బడికే పంపాలని 2015లో అలహాబాద్ హైకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు స్టాఫ్ రూములో అందరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇప్పటికీ నన్ను కుడుతూనే ఉంది.

రాజస్థాన్‌లో 2014లో వేల బడులను కలిపేశారు. ఉత్తరప్రదేశ్‌లో 2025 జూన్‌లో యాభై మందిలోపు పిల్లలున్న బడులను పక్క బడులతో జతచేయమని ఉత్తర్వు ఇచ్చారు. మన దగ్గర దాన్ని రేషనలైజేషన్ అంటారు. కాగితం మీద అది కిలోమీటరున్నర దూరం. ఏడేళ్ల పిల్లకు అది రోడ్డు దాటడం, కాలువ గట్టు, ఊరవతల బడిలో వెనక బెంచీ. మా బడిలో ఒక తల్లి నన్ను అడిగింది: "సారూ, బడిని కలుపుతమంటున్నరు గదా, నా బిడ్డను ఆడ కలుపుకుంటరా?" నేను జవాబు చెప్పలేకపోయాను.

మరి ఏం చేయాలి? చట్టంలో 21, 22 సెక్షన్లు మీ చేతిలో ఉన్నాయి. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడికి ఏం కావాలో ఆ కమిటీ ప్రణాళిక రాస్తే, ప్రభుత్వం ఇచ్చే గ్రాంటుకు అదే ఆధారం కావాలి. మన దగ్గర ఏం జరుగుతోంది? హెడ్మాస్టరు రాసి పంపితే కమిటీ చైర్మన్ సంతకం పెడుతుంది. నేనూ అట్లా పెట్టించాను. ఇకనుంచి చదవకుండా సంతకం పెట్టకండి అక్కా. చదవడం రాకపోతే మన సంఘం పిల్లలు చదివి వినిపిస్తారు.

ఆ ప్రణాళికలో ఖాళీలు ఎన్నాళ్లుగా ఉన్నాయో తేదీలతో రాయించండి. సెలవు పెట్టిన టీచరు బదులు పంపేందుకు మండలానికి కొందరు రిజర్వు టీచర్లు కావాలని, ఇన్‌చార్జి కాకుండా మండలానికొక పూర్తికాలపు ఎంఈఓ కావాలని రాయించండి. ఊడ్చే మనిషికి నెలనెలా జీతం అని మొదటి వరుసలోనే రాయించండి. బడిని కలపాలంటే, ఈ లెక్క అంతా ముందు కమిటీ ముందు పెట్టమని తీర్మానం చేయండి. 32వ సెక్షన్ కింద స్థానిక సంస్థకు ఫిర్యాదు రాసిస్తే మూడు నెలల్లో తేల్చాలి. తేల్చకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్‌కు పోవచ్చు. రసీదు తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు.

ఫిర్యాదు నమూనా రాసి తెచ్చాను. తలుపు దగ్గర తమ్ముళ్ల చేతిలో కాపీలున్నాయి. మీ బడి పేరు, పిల్లల సంఖ్య, ఖాళీ ఎప్పటినుంచి ఉందో నింపండి. సోమవారం పది గంటలకు నేను ఎంఈఓ ఆఫీసు ముందు ఉంటా. ఎన్ని బడుల నుంచి వస్తారో పోయేముందు నాకు చెప్పి వెళ్లండి. జై భీమ్.