కొత్త చేతులు కట్టిన ఓడ



మన ఊరికి ఉప్పూ పప్పూ రావాలంటే లారీయో రైలో రావాలి. మరి చుట్టూ సముద్రం ఉన్న దేశానికి? ఓడలే దిక్కు.

1939లో రెండవ ప్రపంచ యుద్ధం మొదలైంది. బ్రిటన్ దేశానికి తిండిగింజలు, నూనె, మందుగుండు ఓడల్లోనే రావాలి. జర్మనీ వాళ్ళ జలాంతర్గాములు, అంటే నీళ్ళ అడుగున పోయే ఓడలు, ఆ సరుకు ఓడల్ని ముంచేసేవి. మునిగినంత వేగంగా కొత్తవి కట్టడం కుదరలేదు.

అప్పుడు అమెరికా వాళ్ళు ఒకే నమూనాలో వందల ఓడలు కట్టడానికి పూనుకున్నారు. వాటికి లిబర్టీ ఓడలని పేరు. ఒక్కొక్కటి 441 అడుగుల పొడవు. సుమారు 10,000 టన్నుల సరుకు పడుతుంది.

ఎవరు కట్టారు వీటిని? రైతులు, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు, వేలమంది ఆడవాళ్ళు. చాలామందికి అంతకుముందు ఓడ పనే తెలియదు. కొద్ది వారాల్లో వెల్డింగ్ నేర్చుకున్నారు. ఓడ ముక్కల్ని వేరువేరు చోట్ల తయారు చేసి, క్రేన్లతో ఎత్తి, ఒకచోట అతికేవారు. 1941 నుంచి 1945 లోగా 2,710 ఓడలు తయారయ్యాయి!

కానీ చలి సముద్రాల్లో కొన్ని ఓడలు పగిలాయి. కొన్నయితే రెండు ముక్కలయ్యాయి. మనుషులు పోయారు. "కొత్తవాళ్ళు సరిగా అతకలేదు" అని నింద వచ్చింది. ఇంగ్లండులో కాన్‌స్టన్స్ టిప్పర్ అనే శాస్త్రవేత్త, ఆమె కూడా ఆడమనిషే, పరీక్షలు చేసి చూసింది. ఆ ఉక్కు బాగా చలి తగిలితే పెళుసెక్కి, గాజులాగా పగులుతోందని తేల్చింది. అసలు లోపం ఉక్కులో ఉంది. నింద మాత్రం పనివాళ్ళ మీద పడింది.

ఈ ఓడల్లో ఒకదాని పేరు జెరెమయా ఓబ్రయన్. 1943 జూన్ 19న సౌత్ పోర్ట్‌లాండ్‌లో నీళ్ళలోకి దిగింది. 1944లో ఫ్రాన్సులోని నార్మండీ తీరానికి 11 సార్లు సైనికుల్నీ, సరుకుల్నీ చేరవేసింది. తర్వాత మన దేశపు రేవుకూ వచ్చిపోయింది. యుద్ధం అయ్యాక 33 ఏళ్ళు ఒకచోట కట్టేసి ఉంచారు. 1979లో సొంత ఆవిరి యంత్రంతోనే బయటికి కదిలింది. 1994లో ముసలి నావికులు దాన్ని మళ్ళీ నార్మండీకి నడిపించారు. టైటానిక్ సినిమాలో కనిపించే యంత్రాల్లో దీని యంత్రం కూడా ఉంది.

ఇప్పుడది శాన్‌ఫ్రాన్సిస్కో రేవులో ఉంది. జనం ఎక్కి చూస్తుంటారు. పెద్దయ్యాక పని నేర్చుకున్న ఆ చేతులు వేసిన అతుకులు 80 ఏళ్ళు దాటినా నిలిచే ఉన్నాయి.